నవలలో పసుపు

ఆర్మూర్ పసుపు గోదాములో కొమ్ములు ఏరే ఆడవాళ్లలో చదువొచ్చింది సువర్ణ ఒక్కతే. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకునేది కూడా ఆమే.

డిసెంబర్ వచ్చిందంటే చర్చి బీరువాలోంచి ఒక క్రైస్తవ ప్రేమ నవల తెచ్చేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె పైకి చదువుతుంటే, ఆమె వంతు కొమ్ములు కూడా మిగతావాళ్లే ఏరిపెట్టేవాళ్లు. ఆ నవలల్లో పిల్లా పిల్లగాడూ అలుగుతారు, ప్రార్థన చేస్తారు, క్రిస్మస్‌కు చర్చిలో పెండ్లాడతారు. సువర్ణకు నచ్చని చోట కథ కాస్త మారేది. రాసినాయన ఎలాగూ ఆర్మూర్ వచ్చి అడగడు కదా!

రెండువేల ఐదులో, కథ సరిగ్గా పెండ్లి దాకా వచ్చాక కొమ్ములు ఏరుతున్న నాగవ్వ చేతిలోని చేట కింద పెట్టేసింది.

"పెండ్లిపిల్లకు పసుపు పెట్టకుండనే తోల్కపోతున్రా? గిదేం పెండ్లే?"

"జర ఆగవ్వా, గదే వస్తున్నది" అంది సువర్ణ, తలెత్తకుండానే. మంచు కురిసే ఆ నవల ఊళ్లోకి అప్పటికప్పుడు ఐదుగురు ముత్తైదువలను దింపి, పిల్లకు ఒళ్లంతా పసుపు పూయించింది. అదీ పక్కూరు అంకాపూర్ పసుపు. నాగవ్వ మళ్లీ చేట అందుకుంది.

మాట పాస్టరమ్మ దాకా పోయింది. క్రిస్మస్ ఆరాధన అయ్యాక, సువర్ణ పుస్తకం తిరిగిస్తుంటే ఆమె నిలేసింది.

"గీ బుక్కు నేను రెండుసార్లు చదివిన సువర్ణా. పసుపు ఏ పేజీల ఉన్నదే?"

సువర్ణ పుస్తకం తెరిచి నిదానంగా పేజీలు తిప్పింది. ప్రతి అంచునా ఆమె బొటనవేలి ముద్ర పచ్చగా మెరిసింది.

"ఏ పేజీల లేదో మీరే చెప్పుండ్రి, పాస్టరమ్మా."