రత్నమణి ఆంటీ సంతకం పెట్టిన చీటీ

పక్క సీట్లో ఎవరో చిన్న డబ్బీ మూత తీశారు. లవంగాల వాసన గుప్పుమంది. నార్త్ కరోలినాలోని క్యారీలో మా అమ్మాయి చదివే స్కూల్ ఆడిటోరియం అది. ఆ సాయంత్రం పిల్లల పాటల పోటీ. స్టేజీ మీద ఒక బృందం మైకులు సర్దుకుంటుంటే నా చెయ్యి నన్నడక్కుండానే హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళి పెన్ను వెతికింది. లవంగం వాసనకు చాలామందికి బిర్యానీ గుర్తొస్తుంది. నాకు మాత్రం మిషిగన్‌లోని ట్రాయ్, అక్కడి రత్నమణి ఆంటీ గుర్తొస్తారు. పాడే ముందు ఒక లవంగం బుగ్గన పెట్టుకోవడం, ఫలితం చెప్పే ముందు గెలిచేవాళ్ళ పేరు చీటీ మీద రాసిపెట్టడం, ఈ రెండూ ఏనాడూ తప్పని మనిషి ఆవిడ.

నేను కరీంనగర్ నుంచి మాస్టర్స్ చేయడానికి వచ్చిన కొత్తలో మా రూమ్మేట్ ఒక ఆదివారం నన్ను ట్రాయ్‌లోని తెలుగు చర్చికి తీసుకెళ్ళింది. మా ఇంట్లో చర్చికి వెళ్ళే అలవాటు లేదు. నిజం చెప్పాలంటే నేను వెళ్ళింది ఆరాధన అయ్యాక పెట్టే చేపల పులుసు కోసం. వారమంతా పాస్తా, మ్యాగీలతో గడిపే స్టూడెంట్లకు అదొక పండగ. ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి, అంతకు ముందు విన్న పాటనే కూనిరాగం తీస్తున్నాను. నా ముందున్నావిడ వెనక్కి తిరిగారు. పొట్టి మనిషి, నూలు చీర మీద స్వెట్టర్, బుగ్గలో లవంగం.

“ఏ ఊరమ్మా మీది?”

“కరీంనగర్ ఆంటీ.”

“శ్రుతిలో ఉన్నావు. వచ్చే ఆదివారం అరగంట ముందు రా, క్వయర్‌లో కూర్చుందువు గాని.”

“ఆంటీ, మేం చర్చికి పోయేటోళ్ళం కాదు.”

“పులుసుకి అడ్డు రాలేదుగా, పాటకెందుకు అడ్డం?” అని ఆవిడే నా ప్లేటులో ఇంకో ముక్క వేశారు.

నరసాపురం దగ్గర పుట్టి, ట్రాయ్‌లో పాతికేళ్ళుగా ఉంటూ, ఆ చర్చి క్వయర్‌ను నడిపిస్తున్న రత్నమణి ఆంటీతో నా పరిచయం అలా మొదలైంది. శ్రుతిలో ఉన్నావు అన్నదే నాకు దొరికిన పెద్ద మెప్పు అని తర్వాత తెలిసింది. చిన్నప్పటి నుంచీ నేను నోరు తెరిస్తే చాలు, బాగుంది బాగుంది అనేవాళ్ళ మధ్య పెరిగాను. ఆంటీ నోట ఆ మాట వచ్చేది కాదు. ఎంత బాగా పాడినా “ఊఁ, మళ్ళీ” అనేవారు. అందుకే ఆవిడ చేత ఎలాగైనా ఆ మాట అనిపించాలన్న పట్టుదల నాలో పెరిగింది.

ఆవిడ కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేసేవారు. వైపర్ మోటర్లను ఒక్కొక్కటిగా తిప్పి, చెవితో విని, ఏది పనికొస్తుందో ఏది రాదో తేల్చడం ఆవిడ పని. పక్కన మెషీన్ కూడా కొలుస్తుంది గాని, అది అంకె చూపించక ముందే మనిషి తన తీర్పు చీటీ మీద రాసి సంతకం పెట్టాలి. అంకె చూశాక రాస్తే అది వినడం కాదని ఆవిడ అనేవారు. ఆ అలవాటు ఆవిడతో పాటు ఇంటికీ చర్చికీ వచ్చేసింది. నాదేమో దానికి పూర్తిగా వ్యతిరేకమైన అలవాటు. క్రికెట్ మ్యాచ్ ఎవరు గెలిచినా “నేను ముందే అనుకున్న” అనేదాన్ని. ఒకసారి భోజనాల దగ్గర ఆ మాట ఆవిడ చెవిన పడింది.

“ముందే అనుకున్నావా? ఎక్కడ రాశావు?” అని అడిగారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని ముఖం ఎర్రబడింది.

ట్రాయ్‌కి అరగంట దూరంలో ఏటా వసంతకాలంలో ఒక అంతర్జాతీయ పాటల పోటీ జరిగేది. ఒక్కో దేశానికి ఒక్కో బృందం, సొంత భాషలో ఒక్కటే పాట. ఆంటీ తన పాత వ్యాన్‌లో నలుగురు స్టూడెంట్లను ఎక్కించుకుని వెళ్ళేవారు. చివరి పాట కాగానే చర్చిలో పంచే బులెటిన్ కాగితం వెనకవైపు అందరం పేర్లు రాయాలి. పెన్సిల్ పనికిరాదు. సంతకం ఉండాలి. ఫలితం వచ్చాక మాట మార్చకూడదు. మొదటి ఏడు నేను డప్పులతో హాలు అదరగొట్టిన దక్షిణాఫ్రికా బృందం పేరు రాశాను. వాళ్ళు పాతికమంది ఉంటారు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆంటీ చీటీలో మాత్రం ఎస్టోనియా నుంచి వచ్చిన ఆరుగురు ఆడవాళ్ళ బృందం ఉంది. గెలిచింది వాళ్ళే.

“ఎట్ల కనుక్కున్నరు ఆంటీ?” అని వ్యాన్‌లో అడిగాను.

“రెండో చరణంలో చివరావిడ మాట మర్చిపోయింది, చూశావా?”

“లేదు.”

“ఎవరూ చూడలేదు. మిగతా ఐదుగురూ ఆ స్వరం మీదే ఆగారు, ఆవిడ వచ్చి అందుకునేదాకా. ఒక్కళ్ళు కూడా ఆవిడ వంక చూడలేదు. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు వింటున్నారమ్మా. అందుకే రాశాను.”

మరుసటి ఏడు ఆ పోటీకి ఇండియా తరఫున మా క్వయరే వెళ్ళింది. చర్చిలో చిన్నా పెద్దా అందరికీ కంఠతా వచ్చిన ఒక పాత కీర్తన ఎంచుకున్నాం. మొదటి చరణం నేను ఒక్కదాన్నే పాడాలి. నాలుగు నెలలు సాధన చేశాం. కప్పు సంగతి అటుంచి నాకు ఒక్కటే కావాలి. ఆంటీ చీటీలో మా పేరు ఉండాలి. సొంత క్వయర్ అని మొహమాటపడి రాసే మనిషి కాదు గనక, ఆ పేరు రాస్తే అది నిజమైన మెప్పు.

ఒక్క భయం ఉంది. మా చర్చిలో క్వయర్ ఒక లైను అందిస్తే చాలు, రెండో చరణానికల్లా బల్లల మీదున్న వాళ్ళంతా కలిపేస్తారు. పోటీలోనేమో స్టేజీ మీదివాళ్ళే పాడాలి. అందుకని ముందు ఆదివారం ఆంటీ మైకు ముందుకొచ్చి, “దయచేసి శనివారం ఎవరూ కలపొద్దు” అని మూడుసార్లు చెప్పారు. అందరూ తలలూపారు. అందరికంటే గట్టిగా ఊపింది చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే ప్రసాద్ అంకుల్.

శనివారం మొదటి చరణం నేను అనుకున్నదానికంటే హాయిగా వచ్చింది. రెండో చరణం మొదలయ్యేసరికి హాల్లో ఎక్కడి నుంచో బొంగురు గొంతు ఒకటి లేచింది. ప్రసాద్ అంకులే. కళ్ళు మూసుకుని, లోకాన్నే మరిచిపోయి పాడుతున్నారు. ఆ వెంటనే వాళ్ళావిడ, పక్క కుటుంబం, ఆ వెనక వరస. నిమిషంలో అరవైమంది తెలుగువాళ్ళు చప్పట్లతో సహా అందుకున్నారు. ఒక జడ్జీ పెన్ను కింద పెట్టేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ గొంతులను దాటాలని నా గొంతు పెంచాను. మాకు ఏ బహుమతీ రాలేదు.

ఫిలిప్పీన్స్ బృందం గెలిచింది. పార్కింగ్‌లో ఆంటీ చీటీ విప్పితే అందులో ఫిలిప్పీన్స్ అనే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

“మనోళ్ళు పాడకుంటే మన పేరు రాసేటోళ్ళా ఆంటీ?”

“వాళ్ళు పాడతారని నాకు తెలుసమ్మా. పుట్టినప్పటి నుంచీ కలిపి పాడేవాళ్ళు, నేను ఒక ఆదివారం చెబితే మానేస్తారా? అందుకు కాదు నేను రాయంది.”

“మరెందుకు?”

“వాళ్ళు అందుకోగానే నువ్వు వాళ్ళని వినడం మానేశావు. ఎనిమిది దేశాలవాళ్ళు పోటీకొస్తే, నువ్వు పోయి పోయి ప్రసాద్ అంకుల్‌తో పోటీ పడ్డావు.”

ఆ మాటకు నవ్వాల్సిందే గాని నాకు నవ్వు రాలేదు. రెండు ఆదివారాలు చర్చి వైపు వెళ్ళలేదు. మూడో ఆదివారం పులుసు మీద మమకారం అని నాకు నేనే సర్దిచెప్పుకుని వెళ్ళాను. ఆంటీ “కూర్చో, ఆ వైపు గొంతులు తక్కువున్నాయి” అని పుస్తకం చేతికిచ్చారు.

ఆ ఏడాదే కార్ల కంపెనీలు దెబ్బతిన్నాయి. ఆంటీ పనిచేసే ప్లాంట్ మూతపడింది. ఆవిడకు టెక్సాస్‌లో పని దొరికింది. వెళ్ళే ముందు క్వయర్ నాకు అప్పగించారు. అప్పటికి నేను చదువు ముగించి అక్కడే ఉద్యోగంలో చేరాను. మళ్ళీ పోటీ దగ్గరపడ్డాక ఫోన్ చేసి, ఈసారి ఎవరు గెలుస్తారో చెప్పమని అడిగాను. మా పేరు చెబుతారేమోనన్న ఆశ ఇంకా చావలేదు.

“వినకుండా ఎలా రాస్తానమ్మా?” అన్నారు.

అయినా నాలుగు రోజులకు ఒక కవరు వచ్చింది. అందులో చీటీ ఉంది. పేరు రాసే చోట ఖాళీ. కింద మాత్రం పెన్నుతో ఆవిడ సంతకం. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. నేను ఏ పేరు రాసినా అది ఆవిడ మాట అవుతుంది. నా మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషి ఇంకొకరు లేరు.

ఆ ఏడు నేను ఎవరికీ పాడొద్దని చెప్పలేదు. రెండో చరణం దగ్గర ప్రసాద్ అంకుల్ అందుకోగానే నేను హాలు వైపు తిరిగి చెయ్యెత్తాను. ఆయన కళ్ళు తెరిచి ఒక్క క్షణం భయపడి, నా చెయ్యి చూసి ధైర్యం తెచ్చుకున్నారు. హాలంతా పాడింది. మాకు బహుమతి రాదని ఆ క్షణమే తెలుసు. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ పాడలేదు. అన్ని బృందాలూ పాడాక ఆంటీ సంతకం పైనున్న ఖాళీలో అర్మేనియా అని రాసి చీటీ మడిచాను. గంట తర్వాత మైకులో అదే పేరు పిలిచారు.

పార్కింగ్‌లోనే ఫోన్ చేశాను.

“ఆంటీ, చీటీల నేను రాసిందే...”

“ఎవరు గెలిచారో తర్వాత చెబుదువు గాని. మనవాళ్ళు పాడారా?”

“పాడిన్రు ఆంటీ, అందరూ.”

“నువ్వో?”

“వాళ్ళతోనే పాడిన.”

బుగ్గలో లవంగం ఇటు నుంచి అటు మార్చుకుంటున్న చప్పుడు ఫోన్‌లో వినబడింది.

“బాగుంది” అన్నారు.

ఇప్పుడు ఆంటీ లేరు. ఆ చీటీ నా పాటల పుస్తకంలో ఉంది. ఆఫీసులో ఎవరిని పనిలోకి తీసుకోవాలో తేల్చేటప్పుడు కూడా, మిగతావాళ్ళు నోరు విప్పక ముందే నా మాట కాగితం మీద పెడతాను. చాలాసార్లు నిజమైంది, కొన్నిసార్లు తప్పింది. తప్పినప్పుడు కూడా ఆ కాగితం దాచలేదు.

స్కూల్ ఆడిటోరియంలో ఆఖరి బృందం పాట అయిపోయింది. మా అమ్మాయి బృందం మూడోదిగా పాడింది. తను వచ్చి నా పక్కన కూర్చుని, నేను కార్యక్రమ పత్రం వెనక రాస్తున్నదాన్ని తొంగిచూసింది.

“మమ్మీ, అది మా గ్రూప్ కాదు. ఆర్ యూ షూర్?”

“ఊఁ” అన్నాను. పేరు కింద సంతకం పెట్టి, కాగితం మడిచి తన చేతికిచ్చాను.