అట్లకాడతో వచ్చే ఎర్మెలిందా

ఎర్మెలిందాకు గోధుమ పడదు. ఇంపెరియాల్ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళంటూ ఉంటే, వాళ్ళు ఆవిణ్ణి ఇంకా భోజనానికి పిలవలేదని అర్థం. పిలిస్తే చాలు, గుమ్మంలోనే నిలబడి, చేతిసంచిలోంచి సొంత అట్లకాడ తీసి, "గోధుమా, నేనా! ఈ ఇంట్లో ఇవాళ ఎవరో ఒక్కరే ఉండాలి" అని ప్రకటించేది. గోధుమకు నోరు లేదు కాబట్టి ఎప్పుడూ ఆవిడే గెలిచేది.

ఆ తర్వాత వంటిల్లు ఆవిడ రాజ్యం. తోమిన పెనాన్నే ఉప్పూ నిమ్మచెక్కా వేసి మళ్ళీ తోమించేది. డబ్బాలన్నీ వాసన చూసేది. ఇంటావిడ చేతులు వాసన చూసిన రోజులు కూడా ఉన్నాయి. అప్పుడు చిలగడదుంపలు తొక్కతోనే ఉడకబెట్టి, వేడి మీదే ఒలిచి మెదిపి, గుడ్లు కొట్టి పోసి, బియ్యప్పిండీ కాస్త దాల్చినచెక్క పొడీ కలిపి అట్లు పోసేది. ఎవరైనా తొందరపడి మంట పెంచబోతే అట్లకాడ వాళ్ళ వేళ్ళ మీద పడేది.

"దుంపలో తీపి ఉంటుందే తల్లీ, మాడి చస్తుంది! అంచులు ఆరేదాకా ఆగలేవా? మొగుడు దొరికేదాకా ముప్ఫయ్యేళ్ళు ఆగావు కదా!"

ఎప్పుడూ పన్నెండు అట్లే. రెండు తను తిని, పది మొగుడి పళ్ళెంలో పడేసేది. "ఒక్కదాన్నే తింటే నాకు ఒంటబట్టదు. ఆయనా తినాల్సిందే" అనేది.

ఆ మొగుడు ఫిలిబెర్తో, ఊరి బ్యాండులో ఒంటికి చుట్టుకునేంత పెద్ద ఇత్తడి బూర ఊదుతాడు. మనిషి కూడా ఆ బూరంత ఉంటాడు. నోట్లోంచి మాత్రం "సరే" తప్ప ఇంకో మాట రాదు. పెళ్ళయినా బాప్టిజమయినా ఆ బ్యాండు ఉండాల్సిందే, బ్యాండుకు విందూ ఉండాల్సిందే. అందరూ మాంసం రొట్టెలు లాగిస్తుంటే ఆయన తల దించుకుని దుంపట్లు తినేవాడు. గయ్యాళి పెళ్ళాం చేతిలో పడ్డాడని ఊరంతా జాలిపడేది.

అందరికంటే ఎక్కువ మండేది సొరైదాకు. ఎర్మెలిందా కూతురి బాప్టిజంలో జ్ఞానతల్లిగా నిలబడింది ఆవిడే. ఆ చుట్టరికంతో ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటారు. ఆ చుట్టరికం వల్లే తొమ్మిదేళ్ళుగా పెనం తోమే పని కూడా ఎక్కువగా ఆవిడ మీదే పడింది. సొరైదా అత్తగారు పోయిన రోజున, శవం ఇంకా హాల్లో ఉండగానే, ఎర్మెలిందా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "ఏడుద్దువుగాని వదినా, ముందు ఆ పిండి డబ్బా మూత పెట్టు, ఎగురుతోంది" అంది. ఆ మాట సొరైదా మర్చిపోలేదు.

ఇలా ఉండగా సొరైదా మనవడికి బాప్టిజం పెట్టుకున్నారు. పిల్లాడికి తెల్ల గౌను కొనడానికి ఆవిడ బస్సెక్కి లురీన్ వెళ్ళింది. మోకాళ్ళ నొప్పికని ఎర్మెలిందా నెలకోసారి ఎముకలు సవరించే ఆయన దగ్గరికి వెళ్ళేది కూడా ఆ ఊరే. బస్టాండు పక్కన వేయించిన పందిమాంసం అమ్మే కొట్టు ఉంది. ఆ కొట్టు బెంచీ మీద, గోధుమ రొట్టె చీల్చి, మాంసం ముక్కలూ చిలగడదుంప చక్రాలూ ఉల్లిపాయలూ కూరి, కళ్ళు మూసుకుని నములుతోంది ఎర్మెలిందా! పక్కనే ఇంకో రొట్టె వంతు కోసం కాచుకుని ఉంది.

సొరైదా పలకరించలేదు. గౌను కొనకుండానే తిరుగు బస్సెక్కింది. "తొమ్మిదేళ్ళు! తొమ్మిదేళ్ళు నా చేత పెనం తోమించిందా! ఉండు, ఆదివారం నలుగురిలో కడిగి పారేస్తాను" అని దారంతా పళ్ళు నూరుకుంది.

ఆదివారం వచ్చింది. పిల్లాడు పాత గౌనుతోనే బాప్టిజం పుచ్చుకున్నాడు. బ్యాండు వాళ్ళు వాయించి, చెమటలు తుడుచుకుంటూ సొరైదా ఇంట్లో బల్ల దగ్గర చేరారు. నలభై మంది జనం. ఎర్మెలిందా అట్లకాడ పైకెత్తింది.

"గోధుమా, నేనా..."

"ఇద్దరూ ఉండొచ్చులే వదినా. లురీన్‌లో ఇద్దరూ కలిసే ఉన్నారుగా!" అంటూ సొరైదా మాంసం రొట్టెల పళ్ళెం తెచ్చి ఠక్కున ఆవిడ ముందు పెట్టింది.

అట్లకాడ గాల్లోనే ఆగింది. "తర్వాత మాట్లాడుకుందాం వదినా" అంది ఎర్మెలిందా నెమ్మదిగా. ఆ గొంతులో నెమ్మది ఎవరూ ఎప్పుడూ విని ఉండరు.

"తర్వాతెందుకు? అన్నయ్యా, నువ్వు తిను. ఇది నా మనవడి పేరు మీద చేసిన రొట్టె. దీని నాటకాలకు నువ్వెందుకు కడుపు మాడ్చుకోవాలి?"

ఫిలిబెర్తో రొట్టె వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, నలభై మంది వంకా చూశాడు. "సరే" అన్నాడు. రొట్టె నోటి దాకా తీసుకెళ్ళాడు.

ఎర్మెలిందా ఒక్క అంగలో వచ్చి, ఆ రొట్టె లాక్కుని, మొత్తం తన నోట్లో కుక్కుకుంది. బుగ్గలు ఉబ్బించుకుని, నలభై మంది ముందూ నమలసాగింది.

సొరైదా అప్పుడు ఫిలిబెర్తో ముఖం చూసింది. లారీ కింద పడబోయి తప్పించుకున్నవాడిలా ఉన్నాడు. ఆవిడకు రెండు, ఆయనకు పది! వదినను రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"పడనిది నీకు కాదు. అన్నయ్యకు!"

ఎర్మెలిందా కష్టపడి మింగింది. "మాంసంలో ఉప్పు తగ్గింది" అంది ముందు. తర్వాత అంది, "మూడు పెళ్ళిళ్ళలో వరసగా కేకు తిని పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. లివరు అని చెప్పామే, అదే. వద్దు అనడం ఆయనకు రాదు వదినా. జబ్బు మనిషని తెలిస్తే బ్యాండులోంచి తీసేస్తారని ఒకటే దిగులు. ఆ బూర కూడా లేకపోతే ఇంక ఆయన మాట్లాడేదెలా? అదే నన్ను తిట్టుకున్నారనుకో, నాకేం? నేను తిరిగి తిట్టగలను."

సొరైదాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. అంతలో బయటినుంచి బ్యాండు మేస్త్రీ అరిచాడు, "ఆవిడ రొట్టె తిన్నదే! ఏమీ కాలేదేమిటి?"

సొరైదా ఒక్క క్షణం ఆలోచించి గొంతెత్తింది. "అయ్యో! నా మీద కోపంతో గోధుమ తినేసిందర్రా! పడిపోతోంది!" వెంటనే గొంతు తగ్గించి, "పడు" అంది.

"ఎక్కడ పడను?"

"ఆ బస్తా మీద పడు."

"అది గోధుమ పిండి."

"నీకేమవుతుందే! పడతావా చస్తావా!"

ఎర్మెలిందా పడింది. పిండి లేచింది. జనం పరిగెత్తుకొచ్చి చూస్తే నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లగా ఉంది. ఇంత పాలిపోయిన మనిషిని చూడలేదని అందరూ నమ్మారు. మేస్త్రీ టోపీ తీసి పక్కన నిలబడ్డాడు.

సొరైదా బట్టలు దులుపుకుని, చేతులు కడుక్కుని, పెనం పెరట్లోకి తీసుకెళ్ళి తనే తోమింది, రెండుసార్లు. అక్కడే పొయ్యి రాజేసి, తనే దుంపలు మెదిపి, మంట పెంచకుండా పన్నెండు అట్లు పోసింది. పెళ్ళాం మంచాన పడిందిగా, పన్నెండూ ఫిలిబెర్తోకే.

"ఇంకో విడత పొయ్యనా అన్నయ్యా?"

"సరే" అన్నాడాయన. ఆ సాయంత్రం బ్యాండులో ఆయన బూరే అందరికంటే గట్టిగా మోగింది.

మరుసటి నెల నుంచి సొరైదాకు కూడా మోకాళ్ళ నొప్పి పట్టుకుంది. ఇద్దరూ కలిసే లురీన్ వెళ్ళివస్తారు. ఇంపెరియాల్‌లో బస్సు దిగేముందు ఒకరి మూతి ఒకరు పరీక్షగా చూసి తుడుస్తారు.