నుదుటి మీది ప్లాస్టరు ముక్కలు

ఈ నాలుగు మాటలు నేను ఎప్పుడో రాసి ఉండవలసింది. కాని యాభై ఏళ్ళు దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. మా పుట్టిల్లు గోదావరి మధ్య లంకలో, బడి అవతలి ఒడ్డున. పొద్దున్నే మా అన్నలిద్దరూ పడవెక్కి వెళ్ళేవారు, నేను చంటి చెల్లెల్ని చంకనేసుకుని రేవు దాకా వెళ్ళి, పడవ కదిలేదాకా చూసి, తిరిగొచ్చి గేదెకు గడ్డి కోసేదాన్ని. నన్ను బడికి వద్దని ఎవరూ అనలేదు, వెళ్ళమని కూడా ఎవరూ అనలేదు. చెల్లెలు నడిచేసరికి తమ్ముడు పుట్టాడు, తమ్ముడు నడిచేసరికి నాకు పెళ్ళయింది. ఇందులో ఎవరి మీదా కోపం లేదు. నా ఈడు ఆడవాళ్ళు ఇది చదువుతున్నా, మనవరాలి చేత చదివించుకుని వింటున్నా, మీలో సగం మంది సంగతి ఇదేనని నాకు తెలుసు.

ఇప్పుడు రాయడానికి కారణం పోయిన వారం చేసిన ప్రయాణం. మా కొత్తపేట సేవా క్లబ్బుకు ఇప్పుడు మా పాత అధ్యక్షుడు గారి కోడలు అధ్యక్షురాలు. చుట్టుపక్కల ఊళ్ళ క్లబ్బులను ఏడాదికోసారి చూసి, వాళ్ళు చేసిన పనులు చూసి రావలసిన బాధ్యత ఈసారి ఆమె మీద పడింది. తోడు రమ్మని నన్ను కూడా కారెక్కించుకుంది. ఎక్కడికి వెళ్ళినా ముందు కొబ్బరి బోండం, తరువాత శాలువా, ఆ తరువాత బ్యానరు ముందు ఫొటో, అవన్నీ అయితేగాని చేసిన పని చూపించరు. ఆలమూరులో బస్సులు ఆగేచోట చలివేంద్రం పెట్టి, కుండలకు రోజూ తడిగుడ్డ చుట్టే పని సభ్యులే వంతులేసుకుని చేస్తున్నారు. రాజోలు క్లబ్బువాళ్ళ దగ్గర, దూరాన ఉన్న అయినవాళ్ళు వచ్చేదాకా పోయినవారిని ఉంచే ఐసు పెట్టె ఉంది. దాన్ని చూపిస్తూ వాళ్ళ కార్యదర్శి గారు, "మా పెట్టెకి ఒక్కరోజు కూడా ఖాళీ లేదండీ!" అని గొప్పగా అని, వెంటనే నాలుక కరుచుకున్నారు. మేము నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేశాము.

ఆఖరున మలికిపురంలో కంటి క్యాంపు జరుగుతోంది. బల్లల మీద పెద్దవాళ్ళు వరసగా కూర్చున్నారు, ఒక్కొక్కరి కనుబొమ్మ పైన తెల్లని ప్లాస్టరు ముక్క. ఏ కంటికి ఆపరేషను చెయ్యాలో ఆ కంటి పైన అతికిస్తారన్నమాట. ఒక ముసలావిడ దురదకి కాబోలు చెయ్యి పైకెత్తింది. నాకు ఏమయిందో తెలియదు, "తియ్యకమ్మా!" అని గట్టిగా అరిచాను. ఫొటోలు తీసేవాళ్ళతో సహా అందరూ వెనక్కి తిరిగి చూశారు. కారులో తిరిగి వస్తూ మా అధ్యక్షురాలు ఎందుకలా అరిచారని అడిగితే జరిగింది చెప్పాను. ఇది రాయవలసిందే పిన్నిగారూ అంది. అందుకని రాస్తున్నాను.

ఇరవై ఏళ్ళ పైమాట. ఈ అమ్మాయి మామగారిది కొబ్బరి కొట్టు. అందులో నాది కాయలు ఏరే పని. ఎండు కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల కొబ్బరి ఎండి కురిడీగా గుండ్రంగా కట్టిందో లేదో చప్పుడు చెబుతుంది, రోజంతా అదే పని. ఆయనే క్లబ్బు అధ్యక్షుడు. కార్యదర్శి హైస్కూలు మాస్టారు. వీళ్ళు కాక ఇంకో పది పన్నెండు మంది సభ్యులు, అందరూ మగవాళ్ళే. క్లబ్బుకు సొంత గది లేదు, కొట్టు మేడ మీద బస్తాల మధ్య కూర్చుని సమావేశాలు జరుపుకునేవారు. కంటి క్యాంపు పెట్టిన మొదటి ఏడాది ముసలమ్మలు మగవాళ్ళకు చెయ్యి అందించక గుమ్మాల్లో తడబడి పడబోతుంటే, అధ్యక్షుడు గారు కొట్టులోంచి నన్ను పిలిపించారు. అప్పటినుంచి ఏటా ఆ రెండు రోజులూ నేను క్లబ్బు మనిషిని.

నా పని పెద్దవాళ్ళను నడిపించడం. అందులో నాకు నేనే నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. చూపు ఎక్కువ తగ్గింది ఏ కంటికో అడిగి, ఆ వైపునే నడిచేదాన్ని. కనిపించే వైపు వాళ్ళు చూసుకుంటారు, కనిపించని వైపు ఒక మనిషి ఉండాలి కదా. డాక్టరు గారి దగ్గరికి, మళ్ళీ బల్ల దగ్గరికి, మజ్జిగ దగ్గరికి, అలా సాయంత్రందాకా తిరిగేసరికి ప్రతి మనిషి బరువూ నా మోచేతికి తెలిసిపోయేది.

నేను చెప్పే ఆ ఏడాది ఆపరేషనుకు పదకొండు మంది ఆడవాళ్ళను ఎంచారు. వాళ్ళలో మా అత్తగారు ఒకరు. ఆవిడ కొబ్బరాకు ఈనెలు గీసి చీపుళ్ళు కట్టేది, మా వీధిలో అంత నున్నగా గీసే చెయ్యి ఇంకొకటి లేదు. కంట్లో పొర కమ్మాక కత్తి ఈనె మీద కాక వేలి మీదికి రావడం మొదలైంది. కత్తి దాచేశాము. చేతులు ఊరుకుంటే అన్నం సయించదే అని ఆవిడ గుమ్మంలో కూర్చుని ఒట్టి చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకునేది. పొర బాగా ముదిరిపోయిందని, మళ్ళీ ఏడాది క్యాంపు దాకా ఆగితే చూపు దక్కుతుందని మాట ఇవ్వలేనని డాక్టరు గారు ఆ రోజే చెప్పారు.

పరీక్షలు అయ్యాయి, వరసలో ఎవరు ఎన్నోవారో ఆ అంకె రాసిన ప్లాస్టరు అతికించారు, ఆ అంకెల మీదే రాసుకున్న పరీక్ష కాగితాలు తీసుకుని డాక్టరు గారు తమ ఊరి ఆసుపత్రికి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్న బస్సు వచ్చి అందరినీ అక్కడికి తీసుకువెళ్ళాలి. ఆ రాత్రికి వాళ్ళను కల్యాణ మంటపంలో పడుకోబెట్టాము.

పొద్దున్నే ఉప్మా గిన్నెతో లోపలికి వెళ్ళి చూద్దును కదా, పదకొండు మందీ తలలు దువ్వుకుని, మొహాలకు పసుపు రాసుకుని పెళ్ళివారిలా కూర్చున్నారు. పదకొండు ప్లాస్టర్లూ నుదుటి నడిమధ్యన ఉన్నాయి. ఒకరిద్దరు దాని మీద కుంకం కూడా పెట్టుకున్నారు. మొహం కడుక్కోవడానికి ప్లాస్టరు తీసి, బొట్టుబిళ్ళలు అతికించినట్టే స్నానాల గది గోడకు వరసగా అతికించారట. తిరిగి వచ్చేటప్పుడు చేతికి అందినది తీసుకుని, బొట్టు పెట్టుకునేచోట పెట్టుకున్నారట. అంకెలు చదవడం ఒక్కరికీ రాదు.

"ఇదేం పనమ్మా?" అంటే, ఆలమూరు నుంచి వచ్చిన పెద్దావిడ నన్నే కోప్పడింది. "మరి బోసి మొహంతో ఎల్తావా ఏంటమ్మా, పెద్దాసుపత్రికి?"

మా అత్తగారు మాత్రం తల దించుకుని, "అందరూ తీసేరు, నేనూ తీసేనే," అంది.

అంతలో బస్సు వచ్చింది. దానితో వచ్చిన ఆసుపత్రి గుమస్తా గారు లోపలికి వచ్చి, ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా చూసి, "మాస్టారూ, అందరికీ మూడో కంటికే ఆపరేషనా ఏంటండీ?" అన్నారు. ఆయన చేతిలోని కాగితంలో అంకెలు, ఆ అంకెకు ఏ కన్నో, అంతే ఉంది, పేర్లు ఎక్కడా రాసుకోలేదట. కంట్లో పెట్టే అద్దాలు కూడా ఆ అంకెల ప్రకారమే తీసి ఉంచారట. మాస్టారు డాక్టరు గారికి ఫోను చేశారు. ఏ అంకె ఎవరిదో, ఏ కన్నో రూఢిగా చెప్పగలిగితేనే పంపండి, లేకపోతే ఒక్కరినీ పంపవద్దు అన్నారట. కొట్టులో నలభై మంది హమాలీలను ఒక్క కేకతో కదిలించే మా అధ్యక్షుడు గారు మెట్ల మీద కూలబడిపోయారు. మా అత్తగారు తన సంచీ విప్పి, ఆసుపత్రి కోసం మడత పెట్టుకున్న చీర తీసి, మళ్ళీ లోపల పెట్టుకుంటోంది. అది చూసి నేను ముందుకు వెళ్ళాను.

"నాకు తెలుసండీ," అన్నాను.

"తవరికి సదువొచ్చా అండీ?" అన్నారు గుమస్తా గారు.

"రాదండీ. నిన్న నడిపించింది నేనేనండీ."

ఆయన మాస్టారి వైపు చూశారు. మాస్టారు, "చెప్పనివ్వండి," అన్నారు. నేను బల్లలు ముందురోజు ఉన్నట్టే వేయించాను. ఎవరు ఎవరి వెనక వచ్చారో గుర్తు తెచ్చుకుంటూ ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. మొదట ఆలమూరు ఆవిడ, ఆవిడ వెనక చెవులు వినిపించని ఆవిడ, ఆ వెనక అక్కచెల్లెళ్ళిద్దరు. వాళ్ళలో చిన్నావిడ, "నేను అక్క కంటే ముందొచ్చేనండి!" అని పేచీ పెట్టింది. "ముందొచ్చేవు, మజ్జిగకని లేచెల్లేవు, ఎనక్కి పడ్డావు, గమ్మున కూకో," అంది వాళ్ళ అక్క. అందరూ కుదురుకున్నాక గుమస్తా గారు కాగితం గుండెకు ఆనించుకుని, వరస నిజమో కాదో తేలాలంటే ఎవరికి ఏ కన్నో నేను ముందు చెప్పాలి, తరువాత తాను చూడాలి అని షరతు పెట్టారు.

నేను ఒక్కొక్కరి పక్కన నిలబడ్డాను. చెయ్యి పట్టుకుంటే నిన్న ఏ పక్కన నడిచానో నా ఒంటికే తెలిసిపోతోంది. కుడి అంటే ఆయన చూసి టిక్కు పెడుతున్నారు. ఎడమ అంటే మళ్ళీ టిక్కు. అలా పది మంది అయ్యారు. పదకొండోది మా అత్తగారు. ఆవిడ చెయ్యి పట్టుకుంటే నా ఒంటికి ఏ పక్కా తెలియలేదు. మన మనిషే కదా అని ముందురోజు ఆవిడను మా తోటికోడలికి అప్పగించి, నేను పరాయివాళ్ళను నడిపించాను. ఆవిడ పక్కన ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

"సెప్పవేమే, ఎడ..." అనబోయింది అత్తగారు.

"తవరు మాట్లాడకూడదండీ, ఆవిడే సెప్పాలి," అన్నారు గుమస్తా గారు.

నేను కళ్ళు మూసుకున్నాను. ఇంట్లో అన్నం పెట్టేటప్పుడు కంచానికి ఎడమ వైపు కూర వేస్తే ఆవిడ తడుముకుంటుంది, కుడి వైపు వేస్తే చూసి కలుపుకుంటుంది. కొన్నాళ్ళుగా అన్నీ కుడి వైపే వడ్డిస్తున్నాను, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఎడమ కన్నండీ," అన్నాను.

ఆయన కాగితం చూసి, మళ్ళీ చూసి, "ఆయ్, ఎడమేనండీ," అన్నారు. మా అధ్యక్షుడు గారు మెట్ల మీద నుంచి లేచి కండువాతో మొహం తుడుచుకున్నారు.

డాక్టరు గారు నన్ను కూడా బస్సెక్కించమన్నారు. అక్కడ ఒక్కొక్కరికీ మళ్ళీ లైటు వేసి చూసి, కాగితాలతో సరిపోల్చుకున్నారు. పదకొండుకు పదకొండూ సరిపోయాయి. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నా వీపు నిటారుగా అవుతోంది. తరువాతి సమావేశంలో కొట్టు మేడ మీద నాకు శాలువా కప్పారు. ఆ క్లబ్బులో ఒక ఆడమనిషికి కప్పిన మొదటి శాలువా అదే.

కళ్ళజోడు వచ్చాక మా అత్తగారు మళ్ళీ కత్తి పట్టింది. నేను మాత్రం గొప్పలు చెప్పుకుంటూనే ఉన్నాను. ఒక సాయంత్రం వీధిలో ఆడవాళ్ళకు ఈ కథ పదోసారో పన్నెండోసారో చెబుతుంటే, ఆవిడ ఈనె గీస్తూ తల ఎత్తకుండానే, "ఒసే, ఆ రోజు నీకు జొరమొచ్చుంటే మా పదకొండు మంది కళ్ళూ ఏవయ్యేవే?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని ఆ మాట నన్ను వదలలేదు. నా గొప్పంతా నా తలకాయలోనే ఉంది, నేను రాని రోజున అది ఎవరికీ అందదు.

ఇప్పుడు మలికిపురంలో చూశాను, చేతికి పట్టీ కట్టి పేరు, ఊరు, ఏ కన్నో అచ్చు వేస్తున్నారు, మొహానికి ఫొటో తీస్తున్నారు. ఎవరు ఎక్కడ మొహం కడుక్కున్నా ఇబ్బంది లేదు. చాలా మంచి పని, అప్పుడు మాకు అది ఉంటే అధ్యక్షుడు గారు మెట్ల మీద కూలబడేవారు కాదు. అయితే ఫొటో తీసే పిల్లలు పెద్దవాళ్ళకు ఎదురుగా నిలబడుతున్నారు, పక్కన నడిచేవాళ్ళు కనిపించలేదు. ఒక ముసలావిడ గోడ పట్టుకుని ఒక్కతే వెళుతుంటే నేను లేచి వెళ్ళి, ఏ కంటికమ్మా అని అడిగి ఆ వైపున నడిచాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్న పట్టు వెనకటి పట్టులాగే ఉంది. ఆ కాగితమూ ఉండాలి, ఈ మోచెయ్యీ ఉండాలి. రెండూ ఒక్కచోట ఉన్న రోజులు మా క్లబ్బులో కొన్నేళ్ళు నడిచాయి. ఆ ఏళ్ళలో ఎవరిది ఏ అంకో, ఏ కన్నో క్యాంపు పుస్తకంలో రాసింది నేనే.

అత్తగారు ఆ మాట అన్న మర్నాడు పొద్దున్నే, కొట్టుకు వెళ్ళే దారిలో మాస్టారు గారి ఇంటి ముందు ఆగాను. వారి భార్య వాకిట్లో ముగ్గు వేస్తున్నారు. నాకు రాయడం నేర్పండమ్మా అన్నాను. ఆవిడ ముగ్గు చిప్ప అక్కడే పెట్టేసి, లోపలి నుంచి పలక తెచ్చి, అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ముందు నీ పేరు రాద్దాం అన్నారు. నా పేరు తరువాతండీ, ముందు కుడి, ఎడమ రాయడం నేర్పండి అన్నాను. ఎండ అరుగు ఎక్కేదాకా ఆ రెండు మాటలే దిద్దాను.