ఎనిమిదో చింతచెట్టు మీది గరుడ సంసారం

మదనపల్లెలో మా ఇంటికి ఏటా చింతపండు తెచ్చే మంగమ్మ, ఆ ఏడు తక్కెడ కింద పెట్టి, మా ఆవిణ్ణి వదిలి నాతో మాట్లాడింది. పుంగనూరు అవతల పెద్దపంజాణి దోవలో, చెరువుకట్ట కింద ఎనిమిది చింతచెట్లు గుత్తకు తీసుకుందట. ఏడు చెట్ల కాయ రాల్చేసింది. ఎనిమిదోదాని కొసన గరుడపక్షుల గూడు. గూట్లో ఒక పిల్ల.

"రెక్కలొచ్చినాయి గానీ ఇంగా ఎగరలేదు సామీ. గడతో కొడితే బెదిరి కింద పడతాది. కొట్టకుంటే, మొగులు పట్టుండాది, వానకు కాయంతా బూజే. ఆదివారం దాకా సూస్తా. నీకు ఫోటోల పిచ్చి గదా, రాకూడదా?"

ఆదివారం ఉదయం అయిదున్నర బస్సుకు బయలుదేరాను. తొంభైల నాటి రీలు కెమెరా, ముప్పై ఆరు బొమ్మలు. దానికి కుప్పం బావమరిది ఇచ్చిన దూరపు లెన్సు. ఎంత పొడవంటే, దాని మూతి పుంగనూరు చేరిన పావుగంటకు నేను చేరాను. కండక్టరు దాన్ని తడిమి చూశాడు.

"ఏందప్పా ఇది, తుపాకీనా?"

"లెన్సప్పా. గరుడపచ్చిని ఫోటో తీసేదానికి."

"తుపాకైతే వదిలేద్దును. లెన్సుకు అర టికెట్టు."

ఆరుంబావుకు పుంగనూరు బస్టాండులో నాలుగిడ్లీలు తిన్నాను. ఆ కారప్పొడికి నా చెవుల్లోంచి వచ్చిన పొగ చూసి పాలమనేరు బస్సు డ్రైవరు తన ఇంజను తనిఖీ చేసుకున్నాడు. ఆ బస్సే ఎక్కి ఏడున్నరకు చెరువు దగ్గర దిగాను. వెళ్ళదలచినవారు నీళ్ళు తీసుకెళ్ళండి, అక్కడ అంగళ్ళు లేవు.

మంగమ్మ, నలుగురు కూలీ ఆడవాళ్ళు గడలు పక్కన పెట్టుకుని చెట్టు కింద కూర్చున్నారు. పైన తెల్లతల, ఇటుకరంగు రెక్కల తండ్రి చెరువులోంచి చేప తెచ్చాడు. తల్లి అందుకుంది. పిల్లకు పెట్టలేదు. పది అడుగుల దూరంలో కొమ్మ మీద వాలి, చేపను కాలికింద అదిమి, సన్నగా పిలిచింది. పిల్ల గూటి అంచుదాకా వచ్చి, రెక్కలు విప్పి, కిందికి చూసి, మళ్ళీ ముడుచుకుంది.

"సూడు సామీ," అంది మంగమ్మ మెల్లగా. "మా సిన్నోనికి నడకొచ్చేటప్పుడు నేనూ ఇట్లే, బెల్లంముక్క సూపిస్తా వెనక్కి వెనక్కి జరిగేదాన్ని."

ఆ ముడుచుకోవడాలన్నీ తీశాను. మధ్యాహ్నం ఆమె పెట్టిన సంగటిముద్ద, మా ఊరి కొండంత ఉన్నది, తిని లేచేసరికి రీలులో ఒక్క బొమ్మే మిగిలింది. దాన్ని ఎగిరే క్షణానికి దాచుకున్నాను.

రెండు గంటలకు పడమట ఉరిమింది. కూలీల్లో ఒకామె లేచింది. "ఇంగ యాల కూసునేది మంగక్కా? వాన మన మొగం సూసి ఆగతాదా?"

మంగమ్మ గడ చేతిలోకి తీసుకుంది. ఎత్తలేదు. "ఇంగొక్క గడియ సూద్దాం."

గాలి లేచింది. అంచున నిలబడ్డ పిల్ల రెక్కలు విప్పింది. ఈసారి ముడవడానికి గాలి ఒప్పుకోలేదు. ఒక్కసారి కిందికి జారి, లేచి, మా నెత్తుల మీదుగానే వెళ్ళింది.

నేనేం చేశానంటారా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గరుడుడు నెత్తిమీద కనిపిస్తే ఏం చేస్తున్నానో అదే. "గరుడా, గరుడా" అంటూ రెండు చేతులా లెంపలు వేసుకున్నాను. వదిలేసిన లెన్సు వచ్చి గిన్నెలో మిగిలిన సంగటి మీద పడింది. తేరుకునేసరికి పిల్ల అవతలి గట్టు తుమ్మచెట్టు మీద గోధుమరంగు చుక్క.

పక్కకు చూశాను. మంగమ్మ గడ కిందపడి ఉంది. రెండు అరచేతులూ ఇంకా చెంపల మీదే, కళ్ళు ఆకాశంలో. ఆఖరి బొమ్మ ఆమెను తీశాను.

"నన్ను యాల తీస్తివి? గడ పట్టు సామీ!" అని కసిరింది. అందరం కలిసి వానకు ముందే చెట్టు దులిపాం. నా వీపు మీద రాలిన కాయలతో మదనపల్లెకు ఏడాది పులుసు పెట్టొచ్చు.

సాయంత్రం పుంగనూరులో అదే కండక్టరు. అద్దాల మీద వాన దబదబా కొడుతోంది.

"దొరికిందా పచ్చి?"

"ముప్పై అయిదింట్లో గూట్లోనే ఉండాదప్పా. ఎగిరింది ఆఖరుదాంట్లో."

"ఎట్లుండాది?"

"పచ్చి కనపడదు. మంగమ్మ మొగం ఉండాది. ఆమె సూసేకాడ ఉండాది పచ్చి."

ఆయన ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, టికెట్లున్న రెండో చేయి చెంపకు తాకించుకున్నాడు. లెన్సుకు టికెట్టు కొట్టలేదు.