తామర రేకుల అంచులు

మొన్న మనవరాలి నీళ్లసీసాకు పేరు స్టిక్కరు చేయించడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణానికి వెళ్తే, అక్కడి యంత్రం సీతాకోకచిలుక బొమ్మ చుట్టూ తనంతట తానే చకచకా కోసేస్తూ ఉంది. నేను చూడలేక బయట మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఒకప్పుడు అదే పని మా ఆయన చేత్తో చేసేవారంటే మన వయసువాళ్లే నమ్మాలి. యంత్రం కొనే స్తోమత లేక, బొమ్మలు వేరేచోట వినైల్ షీట్ల మీద అచ్చు వేయించి తెచ్చి, నీళ్లకు చెరగకుండా పైన పల్చటి ప్లాస్టిక్ పొర పరిచి, బుడగ రాకుండా రబ్బరు రోలరుతో ఒత్తి, బొమ్మ వంపు వెంటే బ్లేడుతో కోసేవారు. ఎల్‌బీ నగర్‌లో ఇంట్లోనే ఫినాయిల్ చేసి అమ్ముకునే మా వదినకు, అంటే ఆయన అక్కకు, సీసాల మీది తామరపువ్వు లేబుళ్లు మేమే చేసిచ్చేవాళ్లం.

ఒక వానాకాలం ఆమె సీసాలు పట్టుకుని వచ్చింది. "తమ్మీ, గీ రేకులేందిరా, ఎలుక కొరికినట్టున్నయి? నీళ్లు దిగి రంగంత పోతున్నది."

ఆయన బ్లేడు మొద్దుబారిందన్నారు. కొత్త బ్లేడు తెచ్చాక ప్లాస్టిక్ పొర నాసిరకమన్నారు, ఆ తర్వాత గదిలో వెలుతురు చాలడం లేదని నా మీద కేకలేశారు. ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి అలా అరుస్తుంటే నాకు కోపం కన్నా భయమే ఎక్కువ వేసి, అప్పటి నుంచి ఆయన్నే కనిపెట్టి చూస్తూ ఉన్నాను. ఒక పొద్దున చాయ్ ఇస్తే ఆయన చేతిలో సాసరు టకటకా కొట్టుకుంది. నేను చూశాను. నేను చూసినట్టు ఆయనా గమనించి, ఆ చేతి మీద రెండో చేయి వేసుకున్నారు.

"ఎప్పటి సంది?" అన్నాను.

"ఎండకాలం సంది. చెప్తే పరేషాన్ అయితవని..."

దవాఖానలో అది నరాల జబ్బని, మందులతో నెమ్మదిస్తుందే గాని పోదని చెప్పారు. సంగతి తెలిసి వదిన, "పువ్వొద్దు తమ్మీ, సాదా పట్టీ చాలు" అంది గాని ఆయన ఒప్పుకోలేదు. అందుకని రోలరు ఆయన ఒత్తితే, కోయడం నేను నేర్చుకున్నాను. "బ్లేడు తిప్పకు, షీటు తిప్పు" అని పక్కనే కూర్చుని చెప్పేవారు. రోలరు మీద రెండు చేతులూ ఆనించినప్పుడు వణుకు కనబడేది కాదు. ఆ కాసేపే ఆయన ముఖం తేటగా ఉండేది. కొన్నేళ్లకు రోలరూ పట్టలేకపోయారు, ఆ తర్వాత ఆయనే లేకుండా పోయారు.

ఇప్పుడు ఎవరి చేయి వణికినా పని ఆగదు, అంచు చెదరదు. మంచిదే. కానీ ఆయన లోపలి దిగులు నాకు తెలిసింది ఆ చెదిరిన అంచుల వల్లే; అవి నున్నగానే వస్తూ ఉంటే, ఇంకెన్నాళ్లు ఒంటరిగా తనలోనే దాచుకునేవారో.