ఆలస్యంగా వచ్చినవాళ్ళ పాఠం

మా అయ్యోరు పోయారని శనివారం మధ్యాహ్నం ఐరాల నుంచి నాయన హాస్టలుకు ఫోన్ చేసి చెప్పాడు. బి.ఇడి. చదవడానికి నేను తిరుపతి వచ్చి అప్పటికి ఏడు నెలలు. మర్నాడే ఊరికెళ్ళి ఆయనకు ఒక సంగతి చెప్పుకోవాలనుకున్నాను. ఒక్క రోజు తేడాలో, చెప్పుకోవలసిన మనిషే లేకుండా పోయారు.

ఐదో తరగతి దాకా మాకు అన్ని పాఠాలూ ఆయనే చెప్పారు. చెరకు కాలం వస్తే సగం మంది పిల్లలు తెల్లారేసరికే అమ్మానాయనలతో బెల్లం గానుగల దగ్గరికి పోయి, పదిన్నరకు బడికొచ్చేవాళ్ళు. అయ్యోరు ఏమీ అనేవారు కాదు. పొద్దున జరిగిన పాఠాన్ని ముందొచ్చిన మా చేత వాళ్ళకు మళ్ళీ చెప్పించేవారు. నేను తడబడితే, "నీకే అర్థం కాలేదు గదమ్మా, ఇంగోసారి విను" అని నవ్వేవారు. వాళ్ళు ఆకులో తెచ్చిన వేడి బెల్లం మాత్రం మొదట మాకే పంచేవారు. దాంతో మేం వాళ్ళ కోసం గేటు వైపే చూస్తూ ఉండేవాళ్ళం. ఆశ బెల్లం మీదే లెండి, అయినా ఎదురుచూపు ఎదురుచూపే.

ఒకసారి నాయన బడికొచ్చి పోట్లాడాడు.

"టయానికొచ్చే మా పాప సదువు ఆపుకొని వాళ్ళకు సెప్తా కూసోవాల్నా అయ్యోరా? బడి టయం అందరికీ ఒకటే గదా?"

"ఒకటేనప్పా. వాళ్ళు మీ పాప కంటే ముందే లేసి, పని జేసి వస్తా ఉండారు. యాడ జేసి వస్తా ఉండారో నీకు తెలీదా? మీ గానుగ కాడే గదా."

నాయన చెప్పులేసుకుని వచ్చేశాడు.

ఇదంతా కళ్ళారా చూసిన నేను ఏం చేశానో వినండి. అయ్యోరు పోవడానికి రెండు రోజుల ముందు, గురువారం, తిరుపతిలో ఒక బడిలో మాకు బోధన అభ్యాసం. వెనక సూపర్‌వైజర్ కూర్చుని మార్కులు వేస్తున్నారు. ఒక అమ్మాయి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మార్కులు పోతాయేమోనన్న భయంతో, ఎందుకని కూడా అడగకుండా పీరియడ్ అయ్యేదాకా ఆమెను బయట నిలబెట్టాను. 'క్రమశిక్షణ బాగుంది' అని రాశారాయన. అది చదివి సంతోషించాను కూడా. సాయంత్రానికి నామీద నాకే అసహ్యం వేసింది. అయ్యోరికి చెప్పి నాలుగు చీవాట్లు తినాలనుకున్నది దీనికే.

ఆదివారం ఆయన్ను చివరిసారి చూసుకుని, సోమవారం మళ్ళీ అదే తరగతికి వెళ్ళాను. ఆ అమ్మాయి ఆ రోజూ ఆలస్యంగానే వచ్చింది. నేనేమీ అనకముందే తనంతట తానే వెళ్ళి బయట గోడ పక్కన నిలబడింది. పాఠం ఆపి ఆమె దగ్గరికెళ్ళి, ఎందుకు ఆలస్యమైందని అడిగాను.

"మాయమ్మ పూలు కట్టేదానికి తెల్లార్తోనే పోతాది టీచర్. తమ్ముడికి అన్నం పెట్టి, మా అవ్వ కాడ ఇడిసిపెట్టి వస్తా ఉండా."

గురువారం అడిగి ఉంటే గురువారమే చెప్పేది. చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, పాఠం మొదటి నుంచి ఎత్తుకున్నాను. వెనక సూపర్‌వైజర్ ఏదో రాసుకున్నారు. ఏం రాశారో నేను చూడలేదు. నా చూపంతా ఆ అమ్మాయి మీదే ఉంది. తలుపు పక్కన నేల మీద కూర్చుని శ్రద్ధగా వింటోంది, కానీ ఒక కాలు మాత్రం చివరిదాకా గడప బయటే పెట్టుకుంది.