ఎడమ గొట్టం

మా బాపు తుపాకి రెండు గొట్టాలది. తాత నాటిదే అయినా లైసెన్సు బాపు పేరు మీద ఉన్నది. పల్లిచేన్ల అడవిపందులు మల్ల పడుడు మొదలైనంక బాపు దాన్ని గోడ మీదికెల్లి దించిండు. దించితే ఏముంది, తెరుసుకుంటలేదు. తూటా పెట్టాల్నంటే తుపాకి నడుమల మడత పడాలె. అక్కడ తుప్పు పట్టి బిగుసుకపోయింది.

"పాలమూరుల ఉస్తాదు ఉన్నడు, బాగుచేస్తడు. తోడు రా బిడ్డా, నాకు కండ్లు మసకలు" అన్నడు. తల్లిగారింట్ల నాలుగు రోజులు ఉందామని వచ్చినదాన్ని. తుపాకి మోసుడొక్కటే తక్కువైంది నాకు అని గొణుక్కుంట బయలెల్లిన.

దాన్ని గొంగట్ల చుట్టి బస్సెక్కినం. కాయిదాలు బాపు జేబులనే ఉన్నయి. అయినా పోలీసాయన ఎవరన్న ఎక్కి గొంగడి ఇప్పమంటడేమోనని నాకు ఒకటే భయం. బస్సు గుంతల పడ్డప్పుడల్ల ఇనుము మోకాలికి తాకుతాంది. మూతి ఎటుదిక్కు ఉన్నదో తడిమి చూస్తుంటే బాపు నవ్విండు.

"ఉత్తదే పిల్లా, గంత భయమేంది. ముందటేడు పందుల మీద రెండు గొట్టాలూ ఒక్కపారే కాల్చిన. అప్పుడే ఖాళీ అయింది."

ఉస్తాదు దుకాణం సందుల ఉన్నది. ముసలాయన. తుపాకి చేతులకు తీసుకోంగనే మూతిని ఇసుక బస్తా దిక్కు తిప్పి, మమ్మల్ని ఎనుకకు జరగమన్నడు. ఖాళీ తుపాకికి ఇంత తతంగమా అని నాకు కోపమొచ్చింది. తుప్పు మీద కిరోసిన్ పోసిండు. జరసేపాగి కట్టె సుత్తితోని మెల్లగ తట్టిండు. నాలుగో దెబ్బకు తెరుసుకున్నది.

ఆయన చెయ్యి ఆగిపోయింది. కుడి గొట్టంల కాలిన ఉత్త తూటా ఉన్నది. ఎడమ దాంట్ల ఉన్నది నిండుది. సన్న కొక్కెంతోని దాన్ని బయటికి గుంజేదాక ఆయన ఊపిరి తీసుకోలే. మేము గూడ తీసుకోలే.

"రెండూ కాల్చిన అనుకున్నవు గదా పెద్దన్నా. ఒకటే పేలింది" అన్నడు. తూటా ఎనుక భాగం ఎలుగుకు పెట్టి చూసిండు. "స్ప్రింగు అలిసిపోయింది. తుపాకి సుత్తి తూటాను గట్టిగ కొట్టలే, గందుకే పేలలే. కని దీని మీద రెండు దెబ్బలున్నయి. ఒకటి పందులనాడు నువ్వు కొట్టింది. రెండోది ఎవలు కొట్టిన్రు?"

బాపు తెల్లమొకం ఏసిండు. నాకు తెలుసు. మొన్న దసరాకు అమ్మ తుపాకికి పసుపు రాసి, రెండు మూతుల మీద కుంకుమ పెట్టింది. నేను దాన్ని భుజానికి ఎత్తుకొని, సినిమాలల్ల చూసినట్టు తుపాకికి ఎడమ దిక్కున్న సుత్తి ఎనుకకు గుంజి, "అమ్మా, ఫోటో దియ్యి" అన్న. అమ్మ ఫోన్ పట్టుకొని ఎదురుంగ నిలబడ్డది. నేను మీట నొక్కిన. టిక్కుమన్నది. "అది గూడ నా లెక్క ముసలిదైంది" అని అమ్మ నవ్వింది.

"నేనే" అన్న.

"ఎటు పెట్టి నొక్కినవు బిడ్డా?"

"అమ్మ దిక్కు."

బాపు గోడ పట్టుకొని కిందనే కూసున్నడు. ఉస్తాదు కొత్త స్ప్రింగు ఏసి, ఒత్తి చూసి, "ఇగ ఒక్క దెబ్బకే పేలుతది, జర పైలం" అన్నడు.

వచ్చేటప్పుడు బస్సుల బాపు గొంగట్లకు చెయ్యి పెట్టి గొట్టాలు ఖాళీయేనా అని తడుముతనే ఉన్నడు. "మీ అమ్మకు చెప్పకు" అన్నడొకపారి. ఇంటికొచ్చినంక అమ్మ మొకం చూడ చాతగాలే.

అమ్మ చాయ పెడుతుంటే ఆమె ఫోన్ మోగింది. అందియ్యబోయేసరికి ఆగిపోయింది. అమ్మ తెర మీద పెట్టుకున్న ఫోటోల నేనే ఉన్న. ఒక కన్ను మూసి, నవ్వుకుంట, ఎడమ గొట్టం సీదా అమ్మకు గురిపెట్టి.

"ఈ ఫోటో తీసెయ్యమ్మా" అన్న.

"ఎందుకే, మంచిగున్నది. నువ్వు నా దిక్కు చూసి గట్ల నవ్వింది గదొక్కటే" అన్నది అమ్మ.